ఎనభై లీటర్ల ఉప్పునీళ్ళు

పోయినవి ఇవి. నారింజ రంగు క్లౌన్ చేపలు రెండు, ఒక్కోదానికి మూడేసి తెల్ల పట్టీలు. ఎర్రచారల రొయ్య ఒకటి. గోలీకాయంత నత్తలు అయిదు. ఎనభై లీటర్ల నీళ్ళు, వాటిలో కరిగి ఉన్న మూడు కిలోల అయిదువందల ముప్ఫై అయిదు గ్రాముల ఉప్పు. డెబ్బై నాలుగు రోజులు. ఆ డెబ్బై నాలుగులో మా అన్నయ్య కుర్చీ గోడవైపు కాకుండా గదివైపు తిరిగి ఉన్నవి డెబ్బై.

డబ్బు కూడా కొంత పోయింది. దాన్ని ఇందులో కలపడం లేదు. అంతకు ఎన్నో రెట్లు చెరువులో పోగొట్టుకున్న ఇల్లు మాది.

నా చదువు పదో తరగతితో ఆగింది. లెక్కలు మాత్రం కలిదిండి దగ్గర చెరువు గట్టు మీద నేర్చుకున్నాను. అన్నయ్యా నేనూ నాలుగెకరాలు కౌలుకి తీసుకుని రొయ్య వేసేవాళ్ళం. ఎన్ని వేల పిల్ల వదిలాం, అందులో ఎంత బతికి ఉంటుంది, దానికి రోజుకి ఎన్ని కిలోల మేత, నీళ్ళు తోడే ఇంజను ఎన్ని గంటలు తిరిగింది, ఇవన్నీ నా పుస్తకంలో ఉండేవి. నీళ్ళు మాత్రం అన్నయ్యవి. నీళ్ళలో చూపుడు వేలు ముంచి, నాలుక కొసకి తాకించి, ఒక్క క్షణం ఎటో చూసి అంకె చెప్పేవాడు. లీటరు నీళ్ళలో ఎన్ని గ్రాముల ఉప్పుంటే అది అంకె. "ఎనిమిది," అనేవాడు. నేను ఉప్పు కొలిచే మీటరు తీసి, దాని గాజు మీద ఒక చుక్క వేసి, వెలుతురుకి ఎత్తి చూసేవాణ్ణి. ఎనిమిదే ఉండేది. నమ్మకం కుదరక ఒక పంటంతా రాసి పెట్టాను. అరవైసార్లు చెప్పాడు. యాభై ఒక్కసార్లు సరిగ్గా అదే అంకె. తొమ్మిదిసార్లు ఒకటి అటూ ఇటూ. పక్క చెరువుల వాళ్ళు సీసాల్లో నీళ్ళు పట్టుకొచ్చి, "ఏవండీ, కాస్త నాలుక మీద వేసి చెబుదురూ," అని అడిగేవాళ్ళు.

చివరి పంట మధ్యలో మూడు రోజులు వాన కురిసింది. వాన నీళ్ళతో ఉప్పు పడిపోతే రొయ్య తట్టుకోలేదు. మీటరు మా దగ్గర లేదు. గణపవరంలో తెలిసినాయన అడిగితే నేనే ఇచ్చి, అప్పటికింకా తిరిగి తెచ్చుకోలేదు. అన్నయ్యకి అప్పుడు జ్వరం. మంచం మీద నుంచి లేపి, గొడుగు పట్టి గట్టు మీదికి తీసుకెళ్ళింది కూడా నేనే. వేలు ముంచి చూసి, "నిలబడిందిరా, ఏడున్నర," అన్నాడు. నిజానికి మూడే ఉందని తర్వాత గణపవరం వెళ్ళి మీటరు తెచ్చుకుని చూస్తే తెలిసింది. నాలుగో రోజు తెల్లారేసరికి రొయ్య గట్ల వెంట తెల్లగా పేరుకుపోయి ఉంది.

జ్వరపడ్డ నోటికి రుచి తెలియదని ఎవరికైనా తెలుసు. నాకూ తెలుసు. అయినా ఆ పొద్దున గట్టు మీద నలుగురి ముందు, "నీ నాలుకని నమ్ముకుని చెరువు ముంచాం," అన్నాను. ఆ మాట ఒక్కసారే అన్నాను. రెండోసారి అనాల్సిన అవసరం రాలేదు.

కౌలు వదులుకుని ఏలూరు వచ్చేశాం. నేను మేత దుకాణంలో లెక్కలు రాసే పనికి కుదిరాను. నాకు పెళ్ళి కాలేదు, అన్నయ్యకి పిల్లలు లేరు, వదినతో కలిపి ఇంట్లో ముగ్గురమే. అన్నయ్య ముందు గదిలో ప్లాస్టిక్ కుర్చీ గోడవైపు తిప్పుకుని కూర్చునేవాడు. అడిగితే ఎండ కళ్ళలో పడుతోందనేవాడు. ఆ గదికి ఉన్నది ఒకటే కిటికీ, అదీ ఉత్తరానికి. ఏడాదిన్నర అలాగే గడిచింది. డాక్టరుగారు మాత్రలు రాశారు, ఏదో ఒక వ్యాపకం పెట్టండి అన్నారు. వదిన ఒకరోజు వంటింట్లో నాతో మెల్లగా అంది. "నీ లెక్కలన్నీ సరేగాని, ఆయన ఇంక ఎన్నాళ్ళు ఇలా ఉంటారో అది లెక్క కట్టి చెప్పవయ్యా."

ఆ నెలలోనే దుకాణంలో ఎవరో మాటల్లో చెప్పారు. తాడేపల్లిగూడెంలో ఒక లెక్చరరుగారికి బదిలీ అయిందట, ఇంట్లో ఉప్పునీళ్ళ చేపల తొట్టి ఉందట, వచ్చిన ధరకి ఇచ్చేస్తారట. అన్నయ్యకి నీళ్ళు కావాలి, చెరువు ఇవ్వలేను, తొట్టి ఇవ్వగలను. నా ఆలోచన అంతే. ఆదివారం బస్సెక్కి వెళ్ళాను.

రెండున్నర అడుగుల తొట్టి. మూలలో అంగుళం పొడవు గీత ఉంది, కారడం లేదు. ఫిల్టరు, లైటు, తెల్ల ఇసుక, బొరియలున్న రాళ్ళు ఏడు, చేపలు, రొయ్య, నత్తలు, సముద్రపు ఉప్పు సగం బకెట్టు, అన్నీ కలిపి ఆరున్నర వేలు అడిగారు. ఇసుక ఎన్ని కిలోలో, లైటు ఎన్నాళ్ళు వాడారో ఒక్కొక్కటీ అడిగి నాలుగున్నరకి దించాను. లెక్చరరుగారి భార్య లోపలి నుంచి, "ఇచ్చెయ్యండి, ఆ అడిగేవన్నీ వింటుంటే మనకన్నా ఈయనే బాగా చూసుకునేలా ఉన్నారు," అంది.

"మీకు చేపల అనుభవం ఉందాండీ?" అన్నారాయన.

"నాలుగెకరాల్లో రొయ్య వేశామండి."

"అయితే మీకిదేం లెక్కండీ," అని నవ్వి, మళ్ళీ తొట్టి వైపు చూశారు. "కాకపోతే ఒకటండీ. చెరువులో వందకి డెబ్బై బతికితే పంట బాగున్నట్టు. ఇక్కడ నత్తలు పోను ఉన్నవే మూడు ప్రాణులు. వందకి ఇంత అని చూడకూడదు."

ఉప్పు అయిపోతే బజారులో దొరికే కల్లుప్పు వెయ్యొచ్చా అని అడిగాను. కిలో ధరలో తేడా అంత ఉంది మరి. సముద్రమంటే ఉప్పొక్కటే కాదండి, అన్నారు. సరేనని మనసులో లెక్క వేసుకున్నాను. బకెట్టులో ఆరు కిలోలుంది. వారానికి ఎనిమిది లీటర్లు పాతవి తీసి కొత్తవి పోస్తే రెండువందల ఎనభై గ్రాములు. ఇరవై ఒక్క వారాలు వస్తుంది.

ట్రాలీ ఆటో మాట్లాడాను. రాళ్ళని తడిపిన గోనెల్లో చుట్టి, దుకాణం నుంచి తెచ్చిన థర్మోకోల్ పెట్టెల్లో పెట్టాను. చేపల్నీ రొయ్యనీ వేరువేరు సంచుల్లో, మా దగ్గర రొయ్యపిల్ల తెచ్చే పద్ధతిలో సగం నీళ్ళు, సగం గాలి పెట్టి కట్టాను. పాత నీళ్ళు మూడు క్యాన్లు. తాళ్ళు బిగిస్తుంటే లెక్చరరుగారు ఇంకో క్యాను తెచ్చి ఎక్కించి, "ఇది తగ్గినప్పుడు పొయ్యడానికండీ," అన్నారు. సరేనన్నాను.

ఇంటికొచ్చాక అన్ని క్యాన్ల నీళ్ళూ ఒక్కో చుక్క మీటరు మీద వేసి చూశాను. మూడింటిలో ముప్ఫై అయిదు, సముద్రానికి ఉండాల్సిన అంకె. నాలుగోదానిలో సున్నా. ఉత్త మంచినీళ్ళు. తొందరలో పొరపాటున పట్టి ఉంటారనుకుని ఆ క్యాను వదినకిచ్చేశాను. మర్నాడు ఆ నీళ్ళతో పప్పు వండి, "గూడెం నీళ్ళు బాగున్నాయి, కంది బద్ద వెన్నలా ఉడికింది," అంది. ముగ్గురం తిన్నాం. లెక్చరరుగారు తొట్టికని ఇచ్చిన అసలైన సలహాని అలా అన్నంలో కలుపుకుని తినేశాం. అప్పటికి ఆ సంగతి నాకు తెలియదు.

తొట్టి కింద సిమెంటు ఇటుకలు పేర్చాను, దాని మీద దుకాణంలో మేత బస్తాలు పెట్టే చెక్క పలక. గది నేల పల్లంగా ఉంది. ఒక పళ్ళెంలో నీళ్ళు పోసి పలక మీద పెట్టి, అవి ఏ వైపు జరిగితే ఆ వైపు అట్టముక్కలు తోశాను. ఇసుక, రాళ్ళు, పైన వదిలిన ఖాళీ పోగా నికరంగా ఎనభై లీటర్లు పట్టింది. ఇంత జరుగుతున్నా అన్నయ్య గోడవైపే ఉన్నాడు. "ఇరుకు గదిలో ఇదెందుకురా," అని మాత్రం అన్నాడు.

నాలుగు రోజులు తిరిగి చూడలేదు. అయిదో రోజు పొద్దున వదిన కేకేసింది. "ఏవండీ, మీ తమ్ముడు తెచ్చిన రొయ్య చచ్చిపోయింది."

నేను స్నానాల గదిలోంచి తువ్వాలుతోనే వచ్చాను. అన్నయ్య అప్పటికే కుర్చీలోంచి లేచి గాజుకి మొహం ఆనించి ఉన్నాడు. ఇసుక మీద రొయ్య కాళ్ళు, మీసాలతో సహా కదలకుండా పడి ఉంది. అన్నయ్య చాలాసేపు చూశాడు.

"చావలేదు. పొట్టు విడిచింది," అన్నాడు. "అది ఖాళీ పొట్టు. అసలుది ఆ రాతి వెనక దాక్కుని ఉంది, చూడు. ఒళ్ళు గట్టిపడే దాకా బయటికి రాదు."

"నాకెలా తెలుస్తుంది? పీతకీ రొయ్యకీ తేడా చెబుతాను, బతికినదానికీ చచ్చినదానికీ చెప్పలేను," అంది వదిన.

"అందుకే నిన్ను చెరువుకి తీసుకెళ్ళలేదు."

ఆమె లోపలికెళ్ళిపోయింది. వంటింట్లో కొంగుతో కళ్ళు తుడుచుకోవడం చూశాను. ఏడాదిన్నర తర్వాత ఆయన ఆమెని ఆటపట్టించిన మొదటి మాట అది.

ఆ రోజు కుర్చీ తిరిగింది.

తర్వాత నలభై ఎనిమిది రోజులు మా ఇంట్లో బాగా గడిచాయి. అన్నయ్య గాజు మీద పట్టిన నాచు పాత బ్యాంకు కార్డుతో గీకేవాడు. చేపలకి రోజుకి రెండుసార్లు చిటికెడు మేత వేసి, తిన్నవెన్నో కిందపడ్డవెన్నో నాకు చెప్పేవాడు. రొయ్య చేప నోట్లోకి మీసాలు పెట్టి శుభ్రం చేస్తుంటే వదినని పిలిచి చూపించేవాడు. అయితే నీళ్ళలో వేలు మాత్రం పెట్టలేదు. పొడుగాటి పటకారుతోనే పనంతా చేసేవాడు. ఇంట్లో కూర రుచి చూడమన్నా చూసేవాడు కాదు. ఉప్పు సంగతి నాదే. వారానికోసారి బకెట్టులో కలిపి, మీటరులో ముప్ఫై అయిదు చూసి పోసేవాణ్ణి.

ఏప్రిల్ వచ్చింది. నీళ్ళు వేడెక్కాయి. చల్లబరిచే మిషను ధర కనుక్కుంటే తొట్టికి పెట్టినదానికి అయిదింతలు చెప్పారు. దుకాణంలో మూలపడి ఉన్న చిన్న టేబుల్ ఫ్యాను తెచ్చి, తొట్టి మీది అద్దం మూత తీసేసి, గాలి నీళ్ళ మీద పడేలా కట్టాను. మూడు డిగ్రీలు తగ్గింది. ఖర్చు లేకుండా చేసినందుకు గర్వపడ్డాను. ఫ్యాను గాలికి రోజుకి లీటరు చొప్పున నీళ్ళు ఆవిరయ్యేవి. గాజు మీద స్కెచ్ పెన్నుతో గీత గీసి, రోజూ పనికి వెళ్ళేముందు లీటరు ఉప్పునీళ్ళు కలిపి, మీటరులో చూసి, గీత దాకా పోసేవాణ్ణి. రోజూ కొత్త నీళ్ళు పడుతున్నాయి కదా అని వారం వారం నీళ్ళు మార్చడం ఆపేశాను. పుస్తకంలో రెండు గడులు. పోయినది ఒక లీటరు, పోసినది ఒక లీటరు. రోజూ సరిపోయేది.

ఫ్యాను పెట్టిన పన్నెండో రోజు పొద్దున నేను పోస్తుంటే అన్నయ్య వెనక నిలబడి ఉన్నాడు.

"ఏం నీళ్ళు పోస్తున్నావురా?"

"కొలిచిన నీళ్ళే."

"రొయ్య నిన్నటి నుంచి మేతకి రావడం లేదు." అన్నాడు. తర్వాత చొక్కా చెయ్యి మడిచి, చూపుడు వేలు నీళ్ళలో ముంచి, నాలుకకి తాకించాడు. చెరువు పోయాక అదే మొదటిసారి. ఎటో చూశాడు. "నలభై దాటిందిరా. ఎక్కువ కాదు, కొంచెం దాటింది."

చేతిలో మీటరు ఉంది. దాని గాజు మీద అప్పుడే చూసిన బకెట్టు చుక్క ఇంకా ఆరలేదు. తుడిచి, తొట్టిలోంచి ఒక చుక్క తీసి వేస్తే అర నిమిషం పని. బస్సుకి టైమైంది. అదొక్కటే కారణం కాదు. పోసేదంతా ముప్ఫై అయిదైనప్పుడు ఉన్నది నలభై ఎలా అవుతుంది, అనిపించింది.

"రోజూ కొలిచే పోస్తున్నాను అన్నయ్యా," అన్నాను. అక్కడితో ఆగి ఉంటే బాగుండేది. "చెరువు దగ్గర కూడా ఇలాగే నమ్మకంగా చెప్పావు."

అన్నయ్య వేలు లుంగీకి తుడుచుకున్నాడు.

పదహారో రోజు రొయ్య రాతి వెనక పక్కకి ఒరిగిపోయింది. వదిన, "పొట్టేమోనండీ," అంది. అన్నయ్య పటకారుతో కదిపి, "కాదు," అన్నాడు. తర్వాత నత్తలు గాజు మీంచి ఒక్కొక్కటీ జారిపడ్డాయి. చేపలు మూలలో పైకి మొహం పెట్టి గబగబా మొప్పలు ఆడించాయి. అన్నయ్య మీటరుతో చూడమని అడగలేదు. తానూ మళ్ళీ వేలు ముంచలేదు. రోజంతా గాజు ముందు కూర్చునేవాడు. వ్యాధి ఏదో అనుకుని నేను దుకాణంలో వాళ్ళనీ వీళ్ళనీ మందులు అడుగుతూ తిరిగాను. రోజూ పొద్దున మాత్రం మానకుండా లీటరు పోశాను. ఇరవై ఒకటో రోజు మధ్యాహ్నం నేను భోజనానికి వచ్చేసరికి రెండు చేపలూ పోయి ఉన్నాయి.

తొట్టి ఖాళీ చెయ్యడానికి గొట్టం వేశాను. అన్నయ్య పెరట్లో ఉన్నాడు. అలవాటు కొద్దీ గొట్టంలోంచి పడే నీళ్ళలో ఒక చుక్క మీటరు మీద వేసి కిటికీకి ఎత్తి చూశాను. నలభై నాలుగు. తుడిచి మళ్ళీ వేశాను. నలభై నాలుగే.

గొట్టం బకెట్టులో వదిలేసి పుస్తకం తీశాను. లెక్క చెయ్యడానికి రెండు నిమిషాలు పట్టలేదు. ఫ్యాను గాలికి పోయింది నీళ్ళే, ఉప్పు కాదు. ఉప్పు ఆవిరవ్వదు. రోజూ నేను పోసిన లీటరుతో ముప్ఫై అయిదు గ్రాముల ఉప్పు కొత్తగా చేరింది. ఇరవై ఒక్క రోజులకి ఏడువందల ముప్ఫై అయిదు గ్రాములు. ఎనభై లీటర్లకి పంచితే తొమ్మిది పైచిలుకు. ముప్ఫై అయిదూ తొమ్మిదీ నలభై నాలుగు. గూడెం క్యానులోని మంచినీళ్ళు ఎందుకిచ్చారో అప్పుడు తెలిసింది. చెరువులో మేం ఎండాకాలం తగ్గిన నీళ్ళకి కాలవ నీళ్ళే పెట్టేవాళ్ళం. పన్నెండేళ్ళు పెట్టాం. ఎందుకో నేను ఎన్నడూ అడగలేదు. అన్నయ్య పెట్టమనేవాడు, ఇంజను ఎన్ని గంటలు తిరిగిందో నేను రాసుకునేవాణ్ణి.

ఇంకో లెక్క కూడా అప్పుడే చేశాను. పన్నెండో రోజుది. పన్నెండు ముప్ఫై అయిదులు నాలుగువందల ఇరవై. మొదట ఉన్న రెండు కిలోల ఎనిమిదివందలకి అది కలిపి, ఎనభైతో భాగించాను. వచ్చిన అంకె కింద గీత గీశాను.

అన్నయ్య పెరట్లోంచి వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. బకెట్టు నిండి నేల మీద పొర్లుతోంది.

"ఉప్పేనా?" అన్నాడు.

పుస్తకం నా ఒళ్ళోనే తెరిచి ఉంది. చెప్పాల్సింది ఒక్క అంకె. చెబితే ఆయన నాలుక ఆయనకి తిరిగి దొరికేది. నాకేం పోయేది? పోసినదీ పోయినదీ సరిపోయిందని ఇరవై ఒక్క రోజులు రాసుకున్నవాణ్ణి, లెక్క తప్పానని ఒప్పుకోవాలి. చెరువు దగ్గర జ్వరం సంగతి కూడా ఒప్పుకోవలసి వచ్చేది. పుస్తకం మూశాను.

"కాదన్నయ్యా. మొన్న కరెంటు పోయింది కదా, రెండు గంటలు గాలి ఆడలేదు. అదీ."

"అంతేలే," అన్నాడు. గుడ్డ తెచ్చి నేల మీది నీళ్ళు తనే తుడిచాడు. సాయంత్రానికి కుర్చీ గోడవైపు తిరిగింది.

తొట్టి గాజు, ఇటుకలు, పలక ఇప్పుడు వరండాలో ఉన్నాయి. వదిన అందులో పాత పేపర్లు వేస్తోంది. ఇది జరిగి రెండేళ్ళు దాటింది. చెబుదామని నేను కుర్చీ పక్కకి వెళ్ళి నిలబడ్డ రోజులు పదకొండు. నిలబడితే, "ఏరా, టైమైందా," అంటాడు. అయిందంటాను. మేత దుకాణానికి వెళ్ళిపోతాను.

కిందటి ఆదివారం వదినకి జలుబు చేసి నోటికి ఏమీ తెలియడం లేదు. గరిటెలో చారు పట్టుకుని ముందు గదిలోకొచ్చి, "ఏవండీ, కాస్త ఉప్పు చూసి చెప్పండి," అంది.

అన్నయ్య తల తిప్పలేదు. "నాకేం తెలుస్తుందే. వాణ్ణి అడుగు, వాడు కొలిచి చెబుతాడు."

ఆమె గరిటె నా వైపు చాపింది. రుచి చూశాను. ఉప్పు ఎక్కువైంది. సరిపోయింది వదినా అన్నాను. ముగ్గురం ఆ చారుతోనే తిన్నాం. అన్నయ్య రెండుసార్లు పోయించుకున్నాడు, ఒక్క మాట అనలేదు.

ఆ పుస్తకం ఇప్పటికీ నా సంచిలో ఉంది. గీత గీసిన అంకె అందులో అలాగే ఉంది. ఆయన వేలు ముంచి, నలభై దాటింది, కొంచెం అన్న పొద్దుటిది. ఆయనకి నేను చెప్పాల్సి ఉండీ ఇప్పటికీ చెప్పనిది అదొక్కటే. నలభై పాయింట్ రెండు అయిదు.